బాల్యం చాలని మాస్టారు

తిమ్మిర్లాండులో మాస్టర్లు దొరక్క బడులు మూతపడుతున్నాయన్న కబురు అమలాపురానికి ఎవరు మోసుకొచ్చారో తెలియదు గానీ, మోసుకొచ్చినవాడు మాత్రం తిమ్మిర్లాండు వెళ్ళలేదు. అలాంటి కబుర్లు మోసేవాళ్ళు ఎప్పుడూ వెళ్ళరు. వెళ్ళడానికి నాగభూషణం మాస్టారిలాంటి వాళ్ళు వేరే ఉంటారు.

ఆ దేశం అసలు పేరు పలకాలంటే నాలుకను రెండు మడతలు వేసి, మధ్యలో ఒకసారి తుమ్మాలి. అందుకని మనవాళ్ళు అక్కడి చలిని దృష్టిలో పెట్టుకుని తిమ్మిర్లాండు అని ఖాయం చేసుకున్నారు. అక్కడ ఆవులకు స్వెట్టర్లు తొడుగుతారట. తొడగడం మరిచిపోయిన పూట పాలు పితికితే చెంబులో పుల్లైసు పడుతుందట. ఇదంతా కాఫీ హోటల్లో విన్న నాగభూషణానికి ఆవుల మీద జాలి కలగలేదు. లెక్కల మాస్టారు లేక భిన్నాలు రాకుండా పెరుగుతున్న అక్కడి పిల్లల మీద కలిగింది.

ఇరవై ఏళ్ళుగా ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతున్న మనిషి. చేతిలో సుద్దముక్క లేకపోతే ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడు. చేతిలో ఉద్యోగపు కాగితం ఏదీ లేకుండానే రాజీనామా చేశాడు. వీడ్కోలు సభలో, "నేను వెళ్ళకపోతే ఆ పసివాళ్ళ గతేంటి?" అని గొంతు బొంగురుపోయేలా మాట్లాడాడు. కరస్పాండెంటు గారు కళ్ళు తుడుచుకుని, దండ వేసి, ఆ దండ వాడిపోకముందే ఆ ఉద్యోగాన్ని తన బావమరిదికి ఇచ్చేశాడు. అంటే వెనక్కి రావడానికి ఇక చోటు లేదు. ముందుకు వెళ్ళడానికి ఉన్నది ఒక చూపరి అనుమతి, అంటే విజిటింగు వీసా. మంచు కరిగేలోగా టీచరు లైసెన్సు సంపాదిస్తే ఉండొచ్చు. లేదంటే విమానం ఎక్కి, బావమరిది పాఠం చెబుతున్న బడి ముందు నుంచి రోజూ నడుచుకుంటూ కూరగాయలకు వెళ్ళాలి.

భార్య మంగతాయారును వెంటబెట్టుకుని దిగాడు. వాళ్ళు అద్దెకు దిగిన గదికి ఎదురుగా, దేవుడు చూసి పెట్టినట్టు, ఒక బడి. కిటికీలోంచి చూస్తే నాలుగో తరగతి కనబడుతుంది. పిల్లలున్నారు, బల్లలున్నాయి, నల్లబల్ల ఉంది. దాని ముందు మాత్రం ఎవరూ లేరు. ఖాళీ నల్లబల్లను చూస్తే నాగభూషణానికి విస్తరి వేసి వడ్డన మరిచిపోయినట్టు ఉండేది.

మర్నాడే ఉపాధ్యాయ యోగ్యతా నిర్ణయ మహామండలికి వెళ్ళాడు. అక్కడ సహాయ ఉప అదనపు యోగ్యతాధికారిణి శ్రీమతి బ్రుండెల్ అతన్ని కూర్చోబెట్టింది. మాటలు ఇంగ్లీషులో సాగాయి. అది ఇద్దరికీ సమానంగా రాని భాష గనక ఎవరికీ చిన్నతనం లేదు.

"తమరి పట్టాలు సమస్తమూ పరిశీలించబడినవి," అంది బ్రుండెల్. "గణితము, సరిసమానము. బోధనాభ్యాసము, సరిసమానము. ఒక్క విషయమున మాత్రమే స్వల్పమైన లోటు కనబడుచున్నది."

"ఏంటండీ అది?"

"బాల్యము."

నాగభూషణం వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. తననే అంటోంది.

"నాకు బాల్యం ఉందండీ," అన్నాడు.

"లేదని మండలి అనలేదు. మండలి ఎవ్వరి బాల్యమునూ కించపరచదు. అయితే మా బాలలకు బోధించువారు మా బాలల బాల్యమును స్వయముగా అనుభవించి ఉండవలెనని నూతన విధానము. కావున దరఖాస్తులో తమరు వ్రాసిన బాల్యమును మా ప్రమాణములలోకి మార్చి చూచితిమి." ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "గేదెపై సవారీ. ఇది ఇక్కడ జంతుశాల సిబ్బంది శిక్షణ కిందికి వచ్చును. కాలువలో ఈత, ప్రమాదకర వృత్తులు. కొబ్బరిచెట్టు ఎక్కుట, అటవీ శాఖ. తమ్ముని చంకనెత్తుకుని తిప్పుట, శిశు సంరక్షణోద్యోగము. దానికి తమరికి జీతము రావలసి ఉండెను. ఇవన్నియు తీసివేయగా మిగిలినది మా మూడేళ్ళ బాలుని బాల్యముతో సమానమైనది. అనగా మండలి దృష్టిలో తమరి వయస్సు మూడేళ్ళు. అభినందనలు."

"నాకు నలభై ఎనిమిదండీ."

"అది శరీరమునకు," అంది బ్రుండెల్ ఓపిగ్గా. "నిరుత్సాహపడవలదు. మిగిలిన బాల్యమును పూర్తిచేయుటకు బాల్య పూరణ కేంద్రము నెలకొల్పబడినది. చురుకైన అభ్యర్థులు ఒక్క శీతాకాలములో పదేళ్ళు పెరిగిన సందర్భములు కలవు. అయితే తమరు ఇప్పుడు మైనరు. ఇకమీదట పెద్దవారిని వెంటబెట్టుకుని రావలెను."

ఇంటికి వచ్చేసరికి మంగతాయారు పొయ్యి దగ్గరుంది.

"ఏవండీ, ఉద్యోగం ఇచ్చారా?"

"ఇవ్వలేదు. బాల్యం ఇస్తామన్నారు."

"ఎవరికండీ?"

"నాకే."

మంగతాయారు గరిటె గిన్నెలో వదిలేసి వచ్చి, చెయ్యి నుదుటి మీద పెట్టి చూసింది. జ్వరం లేదు. అప్పుడు అంతా చెప్పించుకుని విని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతావేంటే. సంరక్షకురాలిగా నువ్వొచ్చి సంతకం పెట్టాలంట."

"ఆయ్, పెడతానండీ. పిల్లల్లేని ఇంటికి గవర్నమెంటోళ్ళు పిల్లాణ్ణిస్తామంటే వద్దంటామేంటండీ. కాకపోతే కాస్త చిన్నోణ్ణిస్తే బాగుండేది. మోకాళ్ళ నొప్పులున్నోణ్ణిచ్చారు."

సంతకం పెట్టే చోట చిన్న చిక్కొచ్చింది. మూడేళ్ళ బాలునికి భార్య ఉండుట చట్టరీత్యా కుదరదు. మండలి ఎవరి మనసూ నొప్పించకుండా, ఆ వివాహమును రద్దు చేయక, బాలుడు పెద్దవాడగు వరకు వాయిదా వేసింది. ఈ ముక్క చదివించుకుని మంగతాయారు, "అయితే అప్పటిదాకా మీ మీద అలగడానిక్కూడా నాకు అధికారం లేదన్నమాట," అని నిట్టూర్చింది.

ఎదుటి బడికి కంచె అవతలే ఉన్న బాల్య పూరణ కేంద్రంలో ఇసుకగుంట ఉంది, జారుడుబల్ల ఉంది, బల్ల మీంచి జారలేక మధ్యలో ఇరుక్కున్న పొట్టలున్నాయి. వాటిలో ఒకటి ఈజిప్టు నుంచి వచ్చిన ఇబ్రహీం అనే భూగోళం మాస్టారిది. మూరెడు గెడ్డం, మండలి లెక్క ప్రకారం నాలుగేళ్ళు. ఒక ఏడు సీనియరు గనక మొదటిరోజే నాగభూషణం చేతిలోని బుల్లి పార లాక్కున్నాడు.

"క్షమించాలి మిత్రమా," అన్నాడు రహస్యంగా. "లాక్కోవడం నా సిలబస్‌లో ఉంది. నువ్వు ఏడవాలి. నీ సిలబస్ అది."

నాగభూషణానికి ఏడుపు రాలేదు. "కావాలంటే మీరే వాడుకోండి సార్, నాకు తర్వాత ఇవ్వండి," అన్నాడు. మొదటి మార్కు అక్కడే పోయింది.

క్రీడాధికారి లుడ్విక్ మెడలో ఈల, చేతిలో పలక. ఆయన లోపలికి రాగానే నాగభూషణం లేచి, చేతులు కట్టుకుని, తల వంచి నిలబడేవాడు. మన దగ్గర బుద్ధిమంతుడి లక్షణం అది. లుడ్విక్ మాత్రం, 'బాలుడు చలికి ముడుచుకుపోవుచున్నాడు' అని రాసుకుని దుప్పటి కప్పించాడు. మర్నాడు మళ్ళీ లేచి చేతులు కట్టుకున్నాడు. రెండో దుప్పటి వచ్చింది. వారం తిరిగేసరికి దుప్పట్ల కుప్పలోంచి, "నమస్కారం సార్," అన్న మాట మాత్రం వినబడేది.

దాగుడుమూతల పరీక్ష ఇంకా ఘోరం. ఆట మొదలవకముందే నాగభూషణం అందర్నీ ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టాడు. హాజరు వేశాడు. ఎవరు ఎక్కడ దాక్కోవాలో కేటాయించి, తోపులాట లేకుండా ఒక్కొక్కర్నే పంపాడు. వెతికేవాడికి ఇబ్బంది కాకుండా ఆ వివరమంతా గోడ మీద సుద్దతో రాసిపెట్టాడు. ఆట పూర్తవడానికి పట్టిన సమయం కేంద్రం చరిత్రలోకెల్లా తక్కువ. లుడ్విక్ కళ్ళు చెమర్చాయి, కానీ సంతోషంతో కాదు.

తల్లిదండ్రుల సమావేశానికి మంగతాయారు పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. పక్కన చిన్న కుర్చీలో, మోకాళ్ళు గెడ్డానికి ఆనుతుండగా నాగభూషణం.

"మీ బాలుని విషయమై మేము తీవ్రముగా ఆందోళన చెందుచున్నాము," అన్నాడు లుడ్విక్. "ఇతరుల తప్పులు దిద్దుచున్నాడు. ఇసుకలో గూళ్ళు కట్టమనిన యెడల త్రిభుజములు గీయుచున్నాడు. చెప్పిన మాట మొదటిసారికే వినుచున్నాడు. అకాల వృద్ధాప్యపు లక్షణములు."

"మా ఇంట్లోనూ అంతేనండీ," అంది మంగతాయారు. "చెప్పిన మాట వినడం ఒక్కటే కొత్త. అది ఇక్కడే నేర్చుకున్నట్టున్నాడు."

"తాయారూ," అన్నాడు నాగభూషణం పళ్ళ బిగువున.

"చూశారాండీ, పెద్దోళ్ళు మాట్లాడతంటే మజ్జలో వస్తాడు."

లుడ్విక్ ముఖం వెలిగింది. "మధ్యలో మాట్లాడుట! శుభసూచకము," అని ఒక మార్కు కలిపాడు. కానీ ఒక్క మార్కుతో మూడేళ్ళవాడు నాలుగేళ్ళవాడు కాలేడు. ఆఖరి అవకాశంగా అల్లరి పరీక్ష పెట్టారు. పక్కవీధిలో ఏదో ఒక ఇంటి కిటికీ అద్దం పగలగొట్టి రావాలి. తప్పితే కేంద్రం నుంచి పేరు కొట్టేస్తారు, మంచు కరగ్గానే విమానం ఎక్కిస్తారు.

నాగభూషణం రాయి ఏరుకుని బయల్దేరాడు. పక్కవీధిలో మొదటి ఇంటి గంట నొక్కాడు. ముసలావిడ తలుపు తీసింది.

"అమ్మా, తమరి కిటికీ అద్దం పగలగొట్టవలసిన పని పడింది. తమరికి ఏ వేళ వీలుగా ఉంటుందండీ?"

ఆవిడ ఆలోచించి, గురువారం మనవరాలు వస్తుంది, శుక్రవారమైతే మంచిదంది. శుక్రవారం నాగభూషణం చీపురూ చేటా కూడా పట్టుకెళ్ళాడు. పూలకుండీ పక్కకు జరిపించాడు. దూరం కొలిచాడు, కోణం లెక్కగట్టాడు, విసిరాడు. లెక్క సరిగ్గానే ఉంది గానీ, చెయ్యి చివరి క్షణంలో పక్కకు తిరిగి రాయి మంచులో పడింది. ముసలావిడ ఓదార్చి, కాఫీ ఇచ్చి, ఇంకోసారి ప్రయత్నించమంది. నాగభూషణం రెండు చేతులూ జోడించి, "నావల్ల కాదమ్మా, కొత్త అద్దం," అన్నాడు. వెనక నిలబడి చూస్తున్న లుడ్విక్ పలక మీద పెద్ద సున్నా చుట్టాడు. ఆ సున్నా గుండ్రంగా లేదని నాగభూషణం అనబోయి ఆగాడు.

పేరు కొట్టేసే కాగితం పైనుంచి రావాలి గనక, అది వచ్చేదాకా రోజూ కేంద్రానికి వెళ్ళి ఇసుకగుంటలో కూర్చుంటున్నాడు. చూరుల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. మంచు కరగడం మొదలైంది.

ఎదుటి బడి నాలుగో తరగతి పిల్లలకు లెక్కల గంట వచ్చిందంటే స్వేచ్ఛాలోచనా సమయం. మాస్టారు లేని గంటకు అక్కడ పెట్టిన పేరు అది. వాళ్ళు స్వేచ్ఛగా ఆలోచించి, కంచె దూకి ఇసుకగుంటలోకి వచ్చేవారు. ఆవేళ మీకా అనే పిల్ల చేతిలో ఒక రొట్టె ఉంది. సగం తను తీసుకుంది. మిగిలిన సగం మీద ముగ్గురు పడ్డారు.

"ఒక్కొక్కరికి మూడోవంతు," అంది మీకా. "సగంలో మూడోవంతు. అంటే మొత్తంలో ఐదోవంతు. రెండూ మూడూ కలిపితే ఐదు."

నాగభూషణం చెవులు మూసుకున్నాడు. తనకు మూడేళ్ళు. తనకు తెలియకూడదు. కళ్ళు మూసుకున్నాడు. రెండు చేతులూ ఇసుకలో పెట్టి వాటి మీద కూర్చున్నాడు.

"ఐదోవంతే," అన్నారు మిగతావాళ్ళు.

చేతులు వాటంతటవే బయటికొచ్చాయి. పుల్ల తీసుకుని ఇసుకలో రొట్టె గీశాడు. సగం చేశాడు. ఆ సగాన్ని మూడు చేశాడు. "ఇప్పుడు రెండో సగాన్ని కూడా అలాగే చెయ్యండి. మొత్తం ముక్కలెన్ని? మీరే చెప్పండి, నేను చెప్పను."

పిల్లలు ఇసుక మీదికి వంగారు. "ఆరు," అంది మీకా నెమ్మదిగా. ఆ పిల్ల కళ్ళలో దీపం వెలిగినట్టయింది. నాగభూషణానికి అమలాపురం వదిలిన తర్వాత మొదటిసారి ఒళ్ళు వెచ్చబడింది.

మర్నాడు తరగతి మొత్తం కంచె దూకింది. ఆ మర్నాడు ఇసుక చాలక మంచు మీద గీశాడు. ఇబ్రహీం జారుడుబల్ల పైన ఇరుక్కుని కాపలా కాశాడు గానీ, లుడ్విక్ వస్తే కిందికి దిగి చెప్పే వీలు లేకపోయింది. ఈల మోగేసరికి నాగభూషణం చేతిలో పుల్ల, మంచు నిండా భిన్నాలు.

నేరం చాలా పెద్దది. లైసెన్సు లేకుండా పాఠం చెప్పడం కాదు, అది పెద్దవాళ్ళకు వర్తించే నేరం. ఇక్కడ ఒక మూడేళ్ళ పసివాడి చేత వృత్తి చేయించారు. బాల కార్మిక నిరోధక ఉపసంఘం సంరక్షకురాలు మంగతాయారును విచారణకు పిలిచింది. రుజువైతే బాలుణ్ణి ప్రభుత్వ శరణాలయంలో ఉంచుతారు, సంరక్షకురాలిని ఒక్కదాన్నే విమానం ఎక్కిస్తారు.

విచారణలో బాలుడు మాట్లాడకూడదు. నాగభూషణానికి ఒక మూల చాప వేసి రంగు పెన్సిళ్ళు ఇచ్చారు. పైన బల్ల వెనక బ్రుండెల్, ఇంకో ముగ్గురు. పక్కన సాక్షిగా లుడ్విక్.

"అభంశుభం తెలియని పసిబాలుని చేత," అని మొదలుపెట్టింది బ్రుండెల్, "గడ్డకట్టు చలిలో, వేతనము లేక, అంకగణితము చెప్పించితిరని ఆరోపణ. తమరు చెప్పుకొనవలసినది కలదా?"

మంగతాయారు మూలకు చూసింది. నాగభూషణం పసుపు పెన్సిలు పట్టుకుని ఆవిడ వంకే చూస్తున్నాడు. ఆ చూపు ఇరవై ఏళ్ళలో ఎన్నడూ చూడనిది. ఆవిడ చెంగు నడుముకు దోపుకుంది.

"పని చేయించానంటారేంటండీ. పని చేసేవాడు గంట కొడితే ఆపుతాడండీ. ఈయన ఆపడు. అన్నం తింటా చెప్తాడు. నిద్దట్లో చెప్తాడు. పెళ్ళిపీటల మీద తలంబ్రాలు పోస్తా, దోసిలికి ఎన్ని గింజలు పడతాయో నాకు చెప్పాడండీ, పంతులుగారు మంత్రం ఆపి మరీ ఇన్నారు. వద్దన్నా మానడు, తిట్టినా మానడు, జీతమియ్యకపోయినా మానడు. ఇది పనెలాగవుద్దండీ. మీ పిల్లలు బొమ్మలతో ఆడుకోరా? వీడికి ఇదే ఆట. ఆడుకునే పిల్లోడి చేతిలో పుల్ల లాగేసుకుని నేరం అంటారేంటండీ."

ఉపసంఘం కొయ్యబారిపోయింది. లుడ్విక్ జేబురుమాలు తీశాడు. ఒక బాలుని ఆటను నెలల తరబడి తాము అడ్డుకున్నట్టు తేలింది. అది బాల కార్మిక నేరం కన్నా రెండింతల నేరం, అదీ మండలి చేసినది. అధికారులు లోపలికి వెళ్ళి తలుపేసుకుని, చాలా సేపటికి బయటికి వచ్చారు. బ్రుండెల్ నిలబడి చదివింది.

"బాలుడు చేసినది బోధన కాదు, క్రీడ అని తీర్మానించడమైనది. ఇంతటి క్రీడాసక్తి గల బాలుడు బడి వెలుపల ఉండుట నిర్బంధ విద్యా చట్టమునకు విరుద్ధము. కావున అతనిని ఎదుటి పాఠశాల నాలుగవ తరగతిలో చేర్చవలెను. బడిలో చదువుచున్న బాలుని గానీ, సంరక్షకురాలిని గానీ దేశము దాటించరాదు. బాలుడు ఏడాదికొక తరగతి చొప్పున చదువు ముగించి, పెద్దవాడై, తిరిగి లైసెన్సుకు దరఖాస్తు చేసుకొనవచ్చును. అప్పటికి అతని శరీరమునకు పదవీ విరమణ వయస్సు వచ్చును గనుక, పక్క గదిలోని పింఛను విభాగమును సంప్రదించవలెను."

నాగభూషణం పెన్సిలు కింద పెట్టేశాడు.

"ఇక సంరక్షకురాలి విషయము," అని పేజీ తిప్పింది బ్రుండెల్. "మా బాల్యమును అనుభవించినవారు గానీ, మా ప్రమాణముల ప్రకారము ఒక బాలుని పెంచి, అతని మనస్సును ఎరిగినవారు గానీ బోధనకు అర్హులు. రెండవ షరతు కింద విదేశీయులలో అర్హత పొందినవారు దేశము మొత్తము మీద తమరు ఒక్కరే. నాలుగవ తరగతికి గణితోపాధ్యాయినిగా తమరిని నియమించడమైనది."

మంగతాయారు పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పిన మనిషి. ఆ సంగతి మొగుడు పండక్కీ పబ్బానికీ గుర్తుచేస్తూనే ఉంటాడు. "అమ్మా, నాకు లెక్కలు రావండీ," అంది నిజాయితీగా.

"బాలునికి వచ్చిన చాలును," అంది బ్రుండెల్. "మా విధానము బాల కేంద్రితము."

అలా సోమవారం నాడు, ఖాళీగా ఉన్న ఆ నల్లబల్ల ముందు మంగతాయారు నిలబడింది. ముందు బల్ల మీద మీకా పక్కన, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని నాగభూషణం. ఆవిడ పుస్తకం తెరిచి, చూసి, మూసేసి, మొగుడికి కళ్ళతోనే దణ్ణం పెట్టి, పైకి మాత్రం గట్టిగా అంది.

"ఒరే భూషణం. లేచి మొదటి లెక్క చెయ్యి. ఎలా చేశావో అందరికీ తెలిసేలా చెప్పు."

నాగభూషణం లేచి, సుద్దముక్క అందుకున్నాడు. గంట కొట్టేదాకా కింద పెట్టలేదు.

ఏడాది తిరిగేసరికి ఆ తరగతి పిల్లలు దశాంశాలను దాటి ముందుకు పోయారు. తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారి, నల్లబల్ల దగ్గర నెరిసిన జుట్టు విద్యార్థిని చూసి, "ఇక్కడ బోధించుచున్నదెవరు?" అని అడిగాడు. "మా టీచరమ్మ సార్, వీడు మా క్లాసే," అన్నారు పిల్లలు. ఆయన ముగ్ధుడై, ఇదే పద్ధతిని దేశమంతటా అమలు చేయవలెనని పైకి రాశాడు. కైరోలో ఉన్న ఇబ్రహీం భార్యకు రమ్మని టిక్కెట్టు పంపించారు.

పరీక్షలయ్యాయి. ఆ సాయంత్రం మంగతాయారు వంటింటి బల్ల మీద మార్కుల పట్టీ పరుచుకుని కూర్చుంది.

"ఏవండీ, మీ పేరుకెదురుగా ఏం రాయమంటారు?"

"నూటికి నూరు. ఇంకేం రాస్తావే. ఐదో తరగతికి వెళ్ళాలి కదా."

"అదేనండీ ఆలోచిస్తున్నాను. మీరు ఐదుకెళ్ళిపోతే నాలుగులో లెక్కలెవరు చెప్తారండీ?"

నాగభూషణం కిటికీలోంచి ఎదుటి బడి వంక చూశాడు. కొత్త పిల్లలు వస్తారు. ముందు బల్ల మీద కూర్చుంటారు. వాళ్ళకు సగంలో మూడోవంతు ఎంతో తెలియదు. చదువు పూర్తికానంతకాలం విమానం ఎక్కించేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"అయితే?" అన్నాడు.

"తప్పిస్తానండీ."

"నన్నా? ఎందులో?"

"లెక్కల్లోనే. నేను దిద్దేది అదొక్కటే కదా."

నాగభూషణం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఏ లెక్క తప్పిందని రాస్తావే?"

"నాకెలా తెలుస్తుందండీ," అంది మంగతాయారు, అతని పేపరూ ఒక పెన్సిలూ ముందుకు తోస్తూ. "మీరే చూసి చెప్పండి."

నాగభూషణం కళ్ళజోడు పెట్టుకుని పేపరు మీదికి వంగాడు. వచ్చే ఏడు పిల్లలకు నల్లబల్ల మీద దిద్ది చూపించడానికి ఏ తప్పయితే బాగుంటుందా అని, ఒక్కో లెక్కనూ ఇష్టంగా వెతకడం మొదలుపెట్టాడు.